‘తక్కువమంది నడిచిన దారి’: ఫ్రాస్ట్ పద్యాన్ని మనం సరిగ్గానే చదివామా?

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:40

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యం ‘ది రోడ్ నాట్ టేకెన్’ చెప్పారు. సోమవారం పరీక్ష. ‘కవి ఇచ్చే సందేశం ఏమిటి?’ అన్న ప్రశ్నకి నోట్సులో జవాబు రాయించేశారు: నలుగురూ నడిచే దారి వదిలేయ్, తక్కువమంది నడిచిన దారి పట్టు, జీవితంలో పైకొస్తావు. నేను చదువుకున్నప్పుడూ ఇదే జవాబు. అప్పుడు బట్టీ పట్టింది ఇప్పటికీ నోటికొస్తుంది.

నిన్న రాత్రి అప్పజెప్పించుకుంటుంటే మధ్యలో ఆగి, "నాన్నా, రెండు దార్లూ ఒకేలా అరిగాయని ఆయనే అన్నాడుగా, మరి తక్కువమంది నడిచింది ఏది?" అంది. పిచ్చి ప్రశ్నలు మాని చదువు అనబోయి, ఎందుకో పుస్తకం తీసుకుని చూశా. నిజమే. రెండో చరణం చివర ఉంది, ‘రియల్లీ అబౌట్ ది సేమ్’ అని. ముప్పై ఏళ్లుగా ఈ ముక్క నా కంట ఎలా పడలేదు? ఇక్కడ ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్లున్నారు కదా, కొంచెం చెప్పండి. దానికేం చెప్పాలో తోచడం లేదు.

కారంపొడి | 9:52

ముందు నోట్సులో ఉన్నదే రాయమనండి. సందేహాలు రిజల్ట్స్ వచ్చాక పెట్టుకోవచ్చు.

పాతచాక్‌పీస్ | 10:25

గోదారిగట్టు గారూ, మీ అమ్మాయికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అందులో మొదటి పదీ పన్నెండేళ్లు నేనూ మీ నోట్సు అర్థమే చెప్పాను, అదీ గొంతు పెంచి, బల్ల గుద్ది మరీ.

పద్యాన్ని మెల్లగా చూద్దాం. మొత్తం 20 పాదాలు, అయిదేసి చొప్పున నాలుగు చరణాలు. ఆకులు పసుపుపచ్చబడ్డ అడవి. దారి రెండుగా చీలింది. ఒకదాని వంక, అది పొదల్లోకి వంగి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. తీరా రెండోది పట్టాడు. ఎందుకయ్యా అంటే, గడ్డి బాగా ఉంది, నడిచేవాళ్ల కోసం చూస్తున్నట్టుంది అన్నాడు. ఇక్కడిదాకా నోట్సు కరెక్టే. వెంటనే నాలుక కరుచుకుంటాడు: ఆ మాటకొస్తే, వచ్చేపోయేవాళ్లు రెండిటినీ దాదాపు ఒకేలా అరగదీశారులే అని. మూడో చరణంలో మళ్లీ అదే మాట. ఆ పొద్దున రెండు దార్ల మీదా ఒకేలా ఆకులు పరుచుకుని ఉన్నాయి, ఒక్క అడుగూ పడి అవి నల్లబడలేదు. పాపం రెండుసార్లు చెప్పాడు. మనం వినలేదు.

ఇక ఆఖరి చరణం. అది భవిష్యత్తు, జరిగిపోయింది కాదు. ‘ఏళ్లూ పూళ్లూ గడిచాక ఎక్కడో కూర్చుని, నిట్టూరుస్తూ ఈ సంగతి చెబుతుంటాను’ అంటాడు. చెప్పబోయేదేమిటి? తక్కువమంది నడిచిన దారి పట్టాను, తేడా అంతా దానివల్లే వచ్చింది అని. అంటే మనం గోడల మీద, గ్రీటింగ్ కార్డుల మీద రాసుకునే ఆ లైన్లు, తను ముసలివాడయ్యాక చెప్పుకోబోయే కథ. అలా చెప్పుకుంటానని ఆయనకి ఆ చీలిక దగ్గరే తెలుసు. ఆ తేడా మంచికో చెడుకో కూడా అనలేదు, గమనించారా? పైగా పద్యం పేరు చూడండి. వెళ్లని దారి. వెళ్లిన దారి మీద కాదు ఆయన మనసు.

లెక్కలపంతులు | 10:48

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. కవి మనసులో ఏముంటే మనకేం? నేను 1998లో అందరూ ఎంసెట్ అంటుంటే, ఇంట్లో గొడవపడి మరీ బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరాను. ఆ రోజుల్లో నా రూములో గోడ మీద ఆ ఆఖరి మూడు పాదాలే అతికించుకున్నా. వాటివల్ల నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు మీరొచ్చి అది జోకు అంటే ఆ ధైర్యం కూడా జోకేనా?

పాతచాక్‌పీస్ | 11:02

కాదు బాబూ. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. ఆ రోజు గొడవపడి చేరినప్పుడు, అది తక్కువమంది వెళ్లే దారి అని ఎంచి చేరావా, లేక లెక్కలంటే ఇష్టమై చేరావా? ఇప్పుడు పిల్లలకి ఎలా చెబుతున్నావు?

లెక్కలపంతులు | 11:09

... లెక్కలంటే ఇష్టమై చేరా. పిల్లలకి మాత్రం మొదటిదే చెబుతా.

కారంపొడి | 11:10

దొరికిపోయాడు 😀

మంచుబూట్లు | శనివారం, ఉదయం 6:15

నేనుండేది న్యూ హాంప్‌షైర్‌లో, డెర్రీకి దగ్గర. ఫ్రాస్ట్ 1900 నుంచి 1911 దాకా కోళ్లు పెంచుకుంటూ, వ్యవసాయం చేసుకుంటూ బతికింది ఇక్కడే. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తెల్లటి చెక్క ఇల్లు, వెనక కొట్టం, ఆ వెనక రాళ్లు పేర్చిన గోడ. అక్టోబర్‌లో ఈ అడవులన్నీ పసుపుపచ్చగా మండిపోతుంటాయి కాబట్టి ‘ఎల్లో వుడ్’ అంటే ఇదే అనుకున్నా చాలాకాలం. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఒక కాలిబాట చీలిక చూపించి ‘ఇదే ఆ దారి’ అని ఫొటోలు కూడా తీయించా. తర్వాత తెలిసింది, ఈ పద్యం వెనకున్న నడకలు అమెరికాలోవే కావట, ఇంగ్లండువట. ఫొటోలు దిగినవాళ్లకి ఇంకా చెప్పలేదు.

ఓరుగల్లు_పిల్ల | 8:30

అవునన్నా, ఇంగ్లండే. నేను ఎంఏ ఇంగ్లీషు, ఈ కథ నాకు చాలా ఇష్టం, కొంచెం వివరంగా రాస్తా.

ఫ్రాస్ట్ 1912లో పెళ్లాం పిల్లలతో సహా ఇంగ్లండు వెళ్లిండు. అప్పటికి దాదాపు నలభై ఏళ్లు, ఒక్క పుస్తకం లేదు. మొదటి పుస్తకాలు వచ్చింది అక్కడే. 1913లో ఎడ్వర్డ్ థామస్ పరిచయమయ్యాడు. థామస్ పొట్టకూటికి పుస్తక సమీక్షలు, వచనం రాసి రాసి అలసిపోయిన మనిషి. 1914 ఎండాకాలంలో గ్లోస్టర్‌షైర్‌లో డిమాక్ అనే పల్లె చుట్టుపక్కల ఇద్దరూ కలిసి రోజూ నడిచేవాళ్లు. థామస్‌కి మొక్కలన్నీ తెలుసు. ఫ్రాస్ట్‌కి ఏదైనా అరుదైన మొక్కో పువ్వో చూపిద్దామని ఒక దారిలో తీసుకుపోయేవాడు. తీరా తిరిగొచ్చాక ‘అయ్యో, ఆ రెండో దారిలో పోతే ఇంకా మంచివి కనపడేవి’ అని నొచ్చుకునేవాడు. ఏ దారిలో పోయినా ఇదే తంతు. ఈ పద్యం ఆ స్నేహితుణ్ని ఆటపట్టించడానికి రాసింది.

అమెరికా తిరిగి వెళ్లాక 1915లో దీన్ని థామస్‌కి ఉత్తరంలో పంపాడు. ఆయనకి జోకు అర్థం కాలేదు. చదివేవాళ్లకి ఎవరన్నా చెప్పకపోతే ఇందులోని వెటకారం తెలియదు అని తిరిగి రాశాడు. ఎవరి మీద రాశారో ఆ మనిషే పట్టుకోలేకపోతే, ఇంటర్ గైడు రాసినాయన తప్పేముంది చెప్పండి! ఫ్రాస్ట్ తర్వాత కాలంలో సభల్లో ఈ పద్యం చదివేటప్పుడు, ఇది మాయదారి పద్యం, జాగ్రత్త అని హెచ్చరించేవాడు. అయినా ఎవరూ వినలేదు.

ఇదంతా నవ్వుకునే కథే, ఇక్కడిదాకా. అప్పుడు థామస్ ముందు నిజంగానే రెండు దార్లున్నాయి. ఒకటి, ఫ్రాస్ట్ వెంట న్యూ హాంప్‌షైర్ వెళ్లి వ్యవసాయం, కవిత్వం. రెండు, మొదటి ప్రపంచయుద్ధం. పెళ్లయి ముగ్గురు పిల్లలు, వయసు 37. వెళ్లాలని ఎవరూ బలవంతపెట్టలేదు. 1915 జులైలో సైన్యంలో చేరాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లో అరాస్ యుద్ధం మొదటి రోజే చనిపోయాడు. ఈ పద్యమే ఆయన్ని యుద్ధానికి పంపించింది అనేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు, మనిషి ఒక్క పద్యం చదివి తుపాకీ పట్టడు. కానీ ఇది తెలిశాక ఆ ‘నిట్టూర్పు’ దగ్గర నాకు నవ్వు రాదు.

గోదారిగట్టు | 8:51

ఇది మా అమ్మాయికి చదివి వినిపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయన కూడా పద్యాలు రాశాడా?" అంది.

ఓరుగల్లు_పిల్ల | 8:58

రాశాడు. రాయమని వెంటపడ్డది ఫ్రాస్టే. నీ వచనంలో ఉన్నది కవిత్వమేనయ్యా, పాదాలుగా విరిచి చూడు అన్నాడు. 1914 డిసెంబర్‌లో మొదలుపెట్టి, పోయేలోపు రెండేళ్ల చిల్లరలో 140కి పైగా పద్యాలు రాశాడు. ఎడ్వర్డ్ ఈస్టవే అని మారుపేరు పెట్టుకున్నాడు. ‘యాడిల్‌స్ట్రాప్’ దొరికితే చదివించండి, చిన్నదే.

రాత్రిడ్యూటీ | 11:20

ఫ్రాస్ట్ అంటున్నారు కాబట్టి ‘స్టాపింగ్ బై వుడ్స్’ సంగతి కూడా మాట్లాడుకుందామా? మంచు పడుతున్న రాత్రి, అడవి పక్కన గుర్రబ్బండి ఆపుకుని చూస్తూ ఉండిపోయినవాడి పద్యం. నేను నర్సుని. నైట్ షిఫ్టు. మా స్టాఫ్ రూములో బీరువా తలుపు మీద ‘మైల్స్ టు గో బిఫోర్ ఐ స్లీప్’ అని ఎవరో ఎప్పుడో మార్కర్‌తో రాశారు. కాలేజీలో ఇది చావు గురించి అని చెప్పారు. ఆ చీకటడవి మృత్యువట, నిద్ర అంటే శాశ్వత నిద్రట. నాకు మాత్రం ఇది తెల్లవారుజామున నాలుగింటి గురించిన పద్యం. నాలుగింటికి వార్డు నిశ్శబ్దంగా ఉంటుంది. డ్రిప్ స్టాండు పక్కన స్టూలు మీద ఒక్క నిమిషం కూర్చుంటే లేవబుద్ధి కాదు. చావాలని కాదండీ, ఆగాలని. అంతలో ఎవరో ‘సిస్టర్’ అంటారు. ఆ గుర్రం గంటలు ఊపింది చూడండి, అది ఆ పిలుపే.

పాతచాక్‌పీస్ | 11:41

సిస్టర్ గారూ, ఈ వ్యాఖ్యానం ఏ గైడులోనూ లేదు, నా క్లాసుల్లోనూ లేదు. ఇంకొంచెం చేరుస్తాను. అది మీలాగే రాత్రంతా మేలుకున్నవాడు రాసిందే. 1922 జూన్‌లో, వెర్మాంట్‌లోని ఇంట్లో, ‘న్యూ హాంప్‌షైర్’ అనే పెద్ద పద్యం మీద రాత్రంతా కూర్చున్నాడు. తెల్లారాక బయటికొచ్చి ఎండ చూశాడు. లోపలికెళ్లి ఈ మంచు పద్యం రాశాడు. జూన్ ఎండలో మంచు! చదివినప్పుడల్లా నాకు అదే ఆశ్చర్యం.

నెహ్రూ గారు ఆఖరి రోజుల్లో దీని చివరి చరణం తన చేత్తో రాసి బల్ల మీద ఉంచుకున్నారు. 1964 మేలో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ ఆ సంగతి రాశాయి. మన దేశంలో ఇది ఇంత పాకడానికి అదొక కారణం. ‘ఇచ్చిన మాటలున్నాయి’ అన్న ముక్క ఒక ప్రధానమంత్రి బల్ల మీద ఒక అర్థం, మీ బీరువా తలుపు మీద ఒక అర్థం.

దీని నడక కూడా చూడాలి. ప్రతి చరణంలో ఒకటి, రెండు, నాలుగు పాదాలకి ఒకే అంత్యప్రాస. మూడోది ఒంటరిగా మిగిలిపోతుంది. కానీ ఆ ఒంటరి మోతే కింది చరణానికి ప్రాస అవుతుంది. గొలుసు. మన ముక్తపదగ్రస్తం లాంటిది.

లెక్కలపంతులు | 11:55

మాస్టారూ, ముక్తపదగ్రస్తంలో విడిచిన పదమే మళ్లీ అందుకోవాలి కదా. ఇక్కడ పదం రాదు, మోత మాత్రమే వస్తుంది. ఇంకోటి, లెక్క ప్రకారం ఈ గొలుసు ఎక్కడా ఆగకూడదు. ప్రతి చరణం ఒక అప్పు మిగిల్చి పోతుంది, కిందిది తీర్చాలి. మరి చివర ఎలా ఆపాడు?

పాతచాక్‌పీస్ | 12:03

ఒప్పుకుంటున్నా, ముక్తపదగ్రస్తం కాదు, దానికి దూరపు చుట్టం. నీ ప్రశ్న మాత్రం భలే ప్రశ్న. ఆఖరి చరణంలో నాలుగు పాదాలకీ ఒకే ప్రాస వేసేశాడు. ఒంటరి పాదం లేదు, అప్పు లేదు. అందుకని ఆఖరి పాదాన్నే రెండోసారి అన్నాడు. మొదటిసారి అన్నప్పుడు మైళ్లు మైళ్లే. రెండోసారి అనేసరికి ఇంకేదో.

కారంపొడి | సాయంత్రం 5:30

సరే, నేనూ ఒకటి తెస్తున్నా. షెల్లీ ‘ఓజిమాండియాస్’. ఎడారిలో విరిగిన విగ్రహం, రెండు కాళ్లు మిగిలాయి, ముఖం ఇసకలో సగం కూరుకుంది, పీఠం మీద ‘నేను రాజాధిరాజుని, నా పనులు చూసి గుండె చెదరండి’ అని ఉంది, చుట్టూ ఇసక తప్ప ఏమీ లేదు. ఇది 1818లో అచ్చయితే ప్రపంచమంతా అబ్బో అంది. మన పోతన గారు అంతకు మూడు వందల ఏళ్ల పైమాటే బలిచక్రవర్తి చేత అనిపించారు:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవంజాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే?

చాలదా? ఇంతకన్నా ఏం చెప్పాడు షెల్లీ?

ఓరుగల్లు_పిల్ల | 5:48

పోలిక బాగుంది, కానీ రెండూ ఒకటి కాదన్నా. మా బమ్మెర పోతన ‘భూమి మీద పేరైనా మిగిలిందా?’ అని అడిగాడు. షెల్లీ రాజుకి పేరు మిగిలింది! రాతి మీద స్పష్టంగా ఉంది. మిగలడమే వచ్చిన చిక్కు. ఆ పేరు లేకపోతే అది ఏదో పాత రాయి, ఎవరూ నవ్వరు.

మీరు పద్యం సగంలో ఆపేశారు కూడా. కింద ‘శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా!’ అని ఉంది. గర్వపడ్డవాళ్లు పోయారు, ఇచ్చినవాళ్లని లోకం మరచిపోలేదు అంటున్నాడు బలి. శుక్రాచార్యుడు దానం వద్దంటుంటే చెప్పే జవాబు ఇది. కాబట్టి పోతన దగ్గర ఒక దారి ఉంది: ఇవ్వు, మిగులుతావు. షెల్లీ దగ్గర ఆ ఊరట లేదు. ఇసకతో ఆపేశాడు.

కారంపొడి | 5:50

‘మా బమ్మెర’ ఏమిటి? పోతన గారిది ఒంటిమిట్ట.

నిర్వాహకుడు | 5:52

పోతన గారి ఊరి గురించి వేరే థ్రెడ్ ఉంది, 212 పేజీలైంది. దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ మొదలుపెడితే ఇద్దరికీ వారం సెలవు.

లండన్_చలి | 6:40

ఓజిమాండియాస్ అంటే ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కి గ్రీకులు పెట్టుకున్న పేరు. ఆయన విగ్రహం పైభాగం ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మాఅమ్మానాన్నా వచ్చినప్పుడల్లా తీసుకెళ్తా, టికెట్ లేదు కాబట్టి. ఏడు టన్నుల పైచిలుకు గ్రానైటు. రాయి పైనొక రంగు, కిందొక రంగు. కుడి ఛాతీ మీద గుండ్రటి బొక్క ఉంటుంది. నెపోలియన్ మనుషులు తరలించడానికి తొలిచిందని చెబుతారు. చివరికి దాన్ని నైలు ఒడ్డుకి ఈడ్పించింది బెల్జోనీ అనే ఇటలీ మనిషి, 1816లో. అంతకుముందు ఆయన లండన్ స్టేజీల మీద మనుషుల్ని మోసి చూపించే బలశాలి. ఇంతకన్నా తగిన ఉద్యోగి దొరకడు!

అసలు చెప్పొచ్చేదేమంటే, పద్యంలో ముఖం చిట్లించి, పెదవి విరిచి, అహంకారంతో ఉంటుంది కదా. ఇక్కడి రామ్సెస్ నవ్వుతున్నాడు. చిన్నగా, మెత్తగా, గుళ్లో దేవుడిలాగ. మా అమ్మ అయితే చెప్పులిప్పబోయింది. షెల్లీ దీన్ని చూడకుండానే రాశాడు. పద్యం అచ్చయింది 1818 జనవరిలో, విగ్రహం లండన్ చేరింది ఆ తర్వాత.

పాతచాక్‌పీస్ | 7:15

చూడకుండా రాయబట్టే అంత బాగా వచ్చిందేమో! మరో సంగతి. ఇది పందెం పద్యం. 1817 చివర్లో షెల్లీ, ఆయన స్నేహితుడు హొరేస్ స్మిత్ ఇద్దరూ ఒకే విషయం మీద చెరొక 14 పాదాలూ రాద్దామనుకున్నారు. రెండూ ఒకే పత్రికలో కొన్ని వారాల తేడాతో వచ్చాయి. స్మిత్ పద్యంలో చివర ఒక వేటగాడు వస్తాడు. భవిష్యత్తులో అడవైపోయిన లండన్‌లో తోడేలుని తరుముతూ, ఒక శిథిలం దగ్గర ఆగి, ఇక్కడ ఎవరుండేవారో అనుకుంటాడు. ఊహ చూస్తే స్మిత్‌దే పెద్దది. మరి మనకి షెల్లీ ఎందుకు గుర్తు? స్మిత్ పాఠం చెప్పాడు. మీ ఊరికీ ఇదే గతి సుమా అని వేలు చూపించాడు. షెల్లీ ఇసక చూపించి ఊరుకున్నాడు.

ఇంకోటి. ‘నాకొక బాటసారి కనిపించాడు’ అని మొదలవుతుంది. అంటే చెప్పేది కవి, ఆయనకి చెప్పింది బాటసారి, బాటసారికి చెప్పింది రాయి, రాయికి చెప్పింది శిల్పి. రాజు మాట మన దాకా వచ్చేసరికి నాలుగు చేతులు మారింది. ఆ ముఖంలో పొగరుని పట్టుకున్నది ఆ శిల్పి. రాజు కూలి ఇచ్చి చెక్కించుకున్నాడు, శిల్పి చూసినది చూసినట్టు చెక్కాడు. వాడి పేరు ఎవరికీ తెలియదు.

రాత్రిడ్యూటీ | 7:40

నాకు మాత్రం వర్డ్స్‌వర్త్ ‘డ్యాఫొడిల్స్’ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్కూల్లో ఎవరమూ ఆ పువ్వు చూడలేదు. పసుపుపచ్చ, వేలకి వేలు, గాలికి ఊగుతున్నాయి అనేసరికి నేను బంతితోట అనుకున్నా. ఇన్నేళ్లూ వర్డ్స్‌వర్త్ మా కడియం నర్సరీల పక్కన నడుస్తున్నట్టే ఉంది నాకు.

మంచుబూట్లు | 7:55

మీ ఊహే బాగుందండీ. పైగా ‘మబ్బులా ఒంటరిగా తిరిగాను’ అన్నది కూడా అంత నిజం కాదు. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు పక్కన ఆయనతో చెల్లెలు డొరోతీ కూడా ఉంది. ఆ రోజు గాలి దుమారంగా ఉందని, కొన్ని పువ్వులు అలసిపోయి రాళ్ల మీద తలలు వాల్చుకున్నాయని డైరీలో రాసుకుంది. అన్నగారు పద్యం రాసింది రెండేళ్లకి. అందులో చెల్లెలు లేదు, అలసిన పువ్వులూ లేవు. అందరూ మెచ్చుకునే ‘లోపలి కన్ను’ పాదాలు రెండూ భార్య మేరీ అందించినవని ఆయనే ఒప్పుకున్నాడు. మొత్తానికి ఒంటరి కవి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే ఒక పద్యం.

కారంపొడి | 7:57

పేరు మాత్రం ఒక్కడిదే. ఇంటింటి కథ.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 8:20

ఈ రెండు రోజుల్లో మా ఇంట్లో టీవీ పెట్టలేదు. రేపే పరీక్ష. ఇప్పుడే అమ్మాయి ఒకటి చూపించింది, మాస్టారు చూడాలి. ఫ్రాస్ట్ పద్యం చివర్లో, ‘అండ్ ఐ’ అన్నాక ఒక గీత ఉంది. పాదం అక్కడ తెగింది. కింది పాదం మళ్లీ ‘ఐ’ అని మొదలైంది. ‘నేను... నేను తక్కువమంది నడిచిన దారి పట్టాను’ అని. అది అంటుందీ, "తాతయ్య వేటకథ చెప్పేటప్పుడు, అబద్ధం కలిపే ముందు ఇలాగే ఒక్క క్షణం ఆగుతాడు నాన్నా." మా నాన్నగారు పక్కనే కూర్చుని ఉన్నారు. పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

పాతచాక్‌పీస్ | 8:47

పద్యం చూశాను. నా పాత నోట్సు కూడా తీసి చూశాను. గీత దగ్గర నేను ఏమీ రాసుకోలేదు. ఆఖరి పాదం కింద మాత్రం ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టి, పక్కన ‘ఇక్కడ గొంతు పెంచాలి’ అని ఉంది.

లెక్కలపంతులు | 9:05

మాస్టారూ, ఒక్క మాట ఒప్పుకోండి. ఆగాడు, తడబడ్డాడు, నిజమే. అయినా నడిచాడు కదా? తర్వాత కథ ఎలా చెప్పుకున్నా, ఆ పొద్దున చీలిక దగ్గర నిలబడి ఏదో ఒకటి పట్టాడు. నా గోడ మీద కాగితం నేను తీయను.

పాతచాక్‌పీస్ | 9:11

తీయొద్దు. పక్కన రెండో చరణం కూడా అతికించు.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 4:30

వచ్చింది. ఆ ప్రశ్నే పడిందట. నోట్సు జవాబు మొత్తం రాసి, కింద ‘కానీ’ అని మొదలుపెట్టి ఇంకో పేజీ రాసిందట. పేపర్లు దిద్దడానికి వారం పడుతుందట. ఇంట్లో దానికన్నా నాకే టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ‘యాడిల్‌స్ట్రాప్’ చదవాలంటోంది. అందులో ఏముందండీ?

ఓరుగల్లు_పిల్ల | 5:15

ఏమీ లేదు, అదే గొప్ప! 1914 జూన్ చివర. ఎండగా ఉంది. ఎక్స్‌ప్రెస్ బండి ఆగాల్సిన పని లేని ఒక చిన్న స్టేషన్‌లో ఆగింది. ఆవిరి బుస్సుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఖాళీ ప్లాట్‌ఫారం, ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. ఆయన చూసింది పేరు మాత్రమే, యాడిల్‌స్ట్రాప్. ఆ తర్వాత చెట్లు, గడ్డి, ఎండిన గడ్డివాములు. ఆ ఒక్క నిమిషంలో దగ్గర్లో ఒక పిట్ట కూసింది, దాని వెనక, ఇంకా దూరంగా, ఇంకా మసకగా, రెండు జిల్లాల పిట్టలన్నీ కూశాయి. 16 పాదాలు, అంతే. యుద్ధం అన్న మాటే లేదు. ఆరు వారాలు తిరక్కుండా అది మొదలైంది. ఆ స్టేషన్‌ని 1966లో మూసేశారు. పేరు రాసిన పాత బోర్డు ఇప్పుడు ఆ ఊరి బస్టాపులో ఉంది.

రైలుపిచ్చి | బుధవారం, మధ్యాహ్నం 2:35

ఈ థ్రెడ్ మొత్తం ఇప్పుడే బండిలో కూర్చుని చదివా. చదవడానికి టైము బాగా దొరికింది, ఎందుకంటే బెజవాడ అవుటర్‌లో ఆపేశారు. రాయనపాడు. నలభై నిమిషాలైంది. మామూలుగా అయితే రైల్వేని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ని. ఫ్యాను ఆగిపోయింది. పైబెర్తు ఆయన లేచి కూర్చున్నాడు. ఎవరూ దిగలేదు, సమోసాల అబ్బాయి ఒక్కడు ఎక్కాడు. కిటికీలోంచి సర్కారుతుమ్మ చెట్లు, తీగల మీద ఒక పిట్ట. తోక చీలి ఉంది, నల్లగా. ఏట్రింత అనుకుంటా. అది కూస్తోంది. దాని వెనక ఇంకోటి. లెక్కపెడదామని...

ఆగండి, సిగ్నల్ ఇచ్చాడు. కదిలింది.